మనీప్లాంట్: నీడలో నేలను కప్పే పసిడి తీగ

మనీప్లాంట్ ఏడాది పొడవునా పచ్చగా ఉండే తీగ మొక్క. శాస్త్రీయ నామం ఎపిప్రెమ్నమ్ ఆరియమ్. చేమ, కంద మొక్కలది ఏ కుటుంబమో దీనిదీ అదే కుటుంబం, అరేసి. హృదయాకారపు ఆకుల మీద పసుపు, లేత బంగారం, మీగడ రంగుల్లో చారలూ మచ్చలూ చిలకరించినట్టు ఉంటాయి. తెలుగు ఇళ్లలో ఇది ఎక్కువగా నీళ్ల సీసాలోనో, వేలాడే కుండీలోనో, కొబ్బరిపీచు చుట్టిన కర్రను అల్లుకునో కనిపిస్తుంది. అదే తీగను చెట్టు కింద నేల మీదికి వదిలితే, గడ్డి మొలవని నీడలో కూడా మట్టి కనబడకుండా పరచుకుంటుంది. ఇలా నేలను కప్పే మొక్కలను నర్సరీల వాళ్లు గ్రౌండ్‌కవర్ అంటారు.

ఆ పనికి కావలసిన గుణాలన్నీ ఈ తీగలో ఉన్నాయి. కణుపు కణుపుకూ వేరు పడుతుంది. తక్కువ వెలుతురులో బతుకుతుంది. ఆకులన్నీ ఒక్కసారిగా రాల్చే కాలం దీనికి లేదు. పువ్వుకూ కాయకూ శక్తి ఖర్చు పెట్టదు. శ్రీలంకలో ఒక అడవి నేలను ఈ తీగ ఆక్రమించడానికి కారణమైనవి కూడా ఈ గుణాలే. కాబట్టి మనీప్లాంట్ పెంపకంలో నాటడం చిన్న పని, హద్దులో ఉంచడం పెద్ద పని.

పుట్టిల్లు, పేరు

ఈ తీగ స్వస్థలం పసిఫిక్ మహాసముద్రంలోని మూరెయా దీవి. ఫ్రెంచి పాలినీషియాలో, సొసైటీ దీవుల వరుసలో, తాహితి పక్కనే ఉంటుంది. అక్కడి తడి అడవుల్లో నేల మీద పాకుతూ, చెట్టు దొరికితే దాని మానుకు అతుక్కుని పైకి పోతూ బతికిన మొక్క ఇది. అలంకారపు మొక్కగా ఇప్పుడు ఉష్ణమండలమంతటా ఉంది, చలి దేశాల గదుల్లోనూ ఉంది.

యూరపు ఉద్యాన ప్రపంచానికి ఇది 1880లో పోథోస్ ఆరియస్ అనే పేరుతో పరిచయమైంది. లిండెన్, ఆంద్రే అనే ఇద్దరు దానికి ఆ పేరు పెట్టారు. ఆరియస్ అంటే బంగారు రంగుది. పువ్వు చూడకుండా మొక్క జాతిని తేల్చడం వృక్షశాస్త్రంలో కష్టం. ఈ తీగ పూయదు గనుక దాని స్థానం చాలాకాలం అనిశ్చితంగానే ఉంది. 1962లో ఒక పువ్వు కనిపించాక రాఫిడోఫోరా అనే ప్రజాతికి మార్చారు. ఆ తర్వాత ఎపిప్రెమ్నమ్ పిన్నాటమ్ అనే మరో మొక్కా ఇదీ ఒకటేనన్నారు. ఆకులు, ఎదుగుదల తీరు పోల్చి చూసి మళ్లీ విడదీశారు. 1964లో బంటింగ్ ఇచ్చిన ఎపిప్రెమ్నమ్ ఆరియమ్ అనే పేరే ఇప్పుడు చెల్లుతోంది. పాశ్చాత్య దేశాల నర్సరీల్లో మాత్రం పాత పేరు పోలేదు. అక్కడ దీన్ని ఇప్పటికీ పోథోస్ అనే అమ్ముతారు.

మన దేశంలో దీనికి దగ్గరి చుట్టం ఒకటుంది. ఆయుర్వేదంలో గజపిప్పలిగా వాడే సిండాప్సస్ అఫిసినాలిస్ ఇదే కుటుంబపు తీగ, చెట్లను పట్టుకుని పాకే అలవాటు దానికీ ఉంది. దాని కాయలను ఎండబెట్టి మందుల్లో వాడతారు. మనీప్లాంట్‌కు అలాంటి వైద్య సంప్రదాయం ఏదీ మన దగ్గర లేదు. దాని చుట్టూ ఉన్నవన్నీ నమ్మకాలే: ఇంట్లో ఉంటే డబ్బు నిలుస్తుందని, ఆగ్నేయంలో పెట్టాలని, అడగకుండా తెచ్చుకున్న కొమ్మే బాగా పెరుగుతుందని. చివరి నమ్మకం ఊరికే పుట్టి ఉండదు. ఎవరింటి నుంచి, ఎలా తెచ్చినా కణుపున్న ముక్క వేరు పట్టక మానదు మరి.

పూయని తీగ

మనీప్లాంట్ తనంతట తాను పూసినట్టు చివరిసారి నమోదైంది 1964లో. దీనికి కారణం 2016లో తెలిసింది. అమెరికాలోని నార్త్ కెరొలైనా, ఫ్లోరిడా రాష్ట్రాల శాస్త్రవేత్తలు కలిసి చేసిన పరిశోధన ప్రకారం, పూత పూయడానికి అవసరమైన జిబ్బరెల్లిన్ అనే హార్మోను ఈ మొక్కలో చాలినంతగా తయారు కాదు. ఆ హార్మోను తయారీలో పాల్గొనే ఒక జన్యువు సరిగా పనిచేయకపోవడమే అందుకు మూలం. బయటి నుంచి జిబ్బరెల్లిక్ ఆమ్లం చల్లినప్పుడు మొక్కలు పూశాయి. ద్రాక్ష రైతులు గుత్తులు సాగడానికి, కాయ సైజు పెరగడానికి పిచికారీ చేసే పదార్థమే ఇది.

పువ్వు లేదు కాబట్టి విత్తనమూ లేదు. నర్సరీలో కొనే మనీప్లాంట్ ఏదైనా మరో తీగ నుంచి కత్తిరించిన ముక్కే, లేదా టిష్యూకల్చర్‌లో దాని కణజాలం నుంచి పెంచిన మొక్కే. తోటమాలికి ఇందులో ఒక ఊరట ఉంది. వేపపండు తిన్న పక్షి వేప గింజను ఊరంతా వెదజల్లినట్టు ఈ తీగ విత్తనాన్ని మోసుకుపోయే పక్షులు లేవు. కొత్త చోటికి చేరాలంటే దాని కాండం ముక్క ఒకటి అక్కడ పడాలి. మనుషులు పారేసిన తోటచెత్త, వాన నీరు కొట్టుకుపోయిన కొమ్మలు, ఈ రెండు దారులే దానికి ముఖ్యం.

పాకితే చిన్న ఆకు, ఎక్కితే పెద్ద ఆకు

కుండీలో అరచేతిలో ఇమిడే ఆకు, కొబ్బరిచెట్టో అశోకచెట్టో ఎక్కిన తీగకు వేసిన విస్తరంత ఆకు, రెండూ ఒకే మొక్కవంటే చాలామంది నమ్మరు. ఈ తీగకు లేత దశ, ముదురు దశ అని రెండు రూపాలున్నాయి. నేల మీద పాకుతున్నా, కిందికి వేలాడుతున్నా అది లేత దశలోనే ఉండిపోతుంది. ఆకు 20 సెంటీమీటర్లు దాటడం అరుదు, అంచు ఎక్కడా చీలదు. నిలువు ఆధారం దొరికి గాలివేర్లతో మాను పట్టుకుని ఎక్కడం మొదలయ్యాక కాండం లావెక్కుతుంది, కొత్తగా వచ్చే ప్రతి ఆకూ ముందుదానికన్నా పెద్దదవుతుంది. బాగా ముదిరిన తీగ 20 మీటర్ల ఎత్తుకు పోగలదు. దాని ఆకులు మీటరు పొడవు, 45 సెంటీమీటర్ల వెడల్పు దాకా పెరిగి, అంచుల నుంచి ఈనె వైపు చీలికలు పడతాయి.

గ్రౌండ్‌కవర్‌గా పెంచేవారికి ఈ రెండు రూపాల తేడాయే అసలు కీలకం. చిన్న ఆకుల ఒత్తైన పరుపు కావాలంటే తీగను పడుకోబెట్టే ఉంచాలి. పక్కనున్న మానునో ప్రహరీనో అది అందుకున్న నాటి నుంచి బలమంతా పైకి ఎక్కే కొమ్మకే పోతుంది. కింద పరుపు పలచబడుతుంది.

బంగారు చారల వెనుక

ఆకు మీద పసుపు కనిపించే చోట పత్రహరితం తక్కువగా ఉంటుంది. అమెరికా పరిశోధకులు గోల్డెన్ రకం నుంచి టిష్యూకల్చర్ ద్వారా మొక్కలు పెంచినప్పుడు వాటిలో మూడు తీర్లు వచ్చాయి: పూర్తి ఆకుపచ్చవి, పూర్తిగా లేత పసుపువి, రెండూ కలిసిన చారలవి. ఈ మూడింటినీ పోల్చి 2010లో వారు వెల్లడించినదాని ప్రకారం, పత్రహరితం తయారీ గొలుసులో ఒక దశను నడిపే ఎంజైముకు సంబంధించిన జన్యువు పసుపు భాగాల్లో మందకొడిగా పనిచేస్తుంది. ఆ దశ కుంటుపడితే తర్వాతి దశలకు సరుకు అందదు, ఆకు పచ్చబడదు.

కిరణజన్య సంయోగక్రియలో పసుపు భాగం వాటా తక్కువ. ఆ ఆకును పోషించే భారం పచ్చ భాగం మోస్తుంది. పసుపు, తెలుపు ఎక్కువైన కొద్దీ ఎదుగుదల నెమ్మదిస్తుందని, వెలుతురు ఎక్కువ కావాలని దీన్నిబట్టి అర్థమవుతుంది. మసక చీకటిలో పెట్టిన తీగకు కొత్త ఆకులు పచ్చగా, చారలు లేకుండా రావడం తోటమాలులందరూ చూసేదే. చారలు పోయిన కొమ్మ చారలున్న కొమ్మ కన్నా వేగంగా పెరుగుతుంది. చూస్తూ ఊరుకుంటే పరుపంతా పచ్చబడుతుంది. అందుకని పూర్తి ఆకుపచ్చ కొమ్మ కనబడగానే, చివరిసారి చారలున్న ఆకు వచ్చిన కణుపు దాకా వెనక్కి కత్తిరించాలి. ఆ కణుపు నుంచి వచ్చే కొత్త చిగురులో చారలు తిరిగి కనిపించే అవకాశం ఎక్కువ.

రకాలు

నేల మీద పరచడానికి అన్నిటికన్నా అనువైనది మామూలు గోల్డెన్ రకం. ఆకుపచ్చ ఎక్కువగా ఉండి పసుపు చిలకరించినట్టు ఉండే ఈ రకానికి ఎదుగుదల వేగం, ఓర్పు రెండూ ఉన్నాయి. మార్బుల్ క్వీన్ ఆకుల్లో తెలుపు, మీగడ రంగు సగానికి సగం ఉంటాయి. నీడలో దాని కాంతి బాగుంటుంది కాని, జాగా నిండటానికి గోల్డెన్ కన్నా ఎక్కువ కాలం పడుతుంది. పెర్ల్స్ అండ్ జేడ్ అనే చిన్నాకుల రకాన్ని ఫ్లోరిడా విశ్వవిద్యాలయం మార్బుల్ క్వీన్ నుంచి రేడియేషన్ పద్ధతిలో రాబట్టింది. మంజుల అనే రకం భారతదేశంలో బయటపడి అమెరికాలో పేటెంటు పొందింది. ఆకులు వెడల్పుగా, అంచులు అలలుగా, తెలుపూ పచ్చా గీతలుగా కలిసిపోయి ఉంటాయి. ఇలాంటి ఖరీదైన రకాలు కుండీలకే బాగుంటాయి.

నియాన్, జేడ్ అనేవి ఒకే రంగు రకాలు. నియాన్ ఆకు నిమ్మపండు రంగులో మెరుస్తుంది, జేడ్ ఆకు ముదురు పచ్చ. చారలు లేకపోయినా గోల్డెన్ పరుపు పక్కన నియాన్‌ను ఒక పట్టీగా వేస్తే చీకటి మూల వెలుగుతుంది.

నీడ ఎంత ఉండాలి

మధ్యాహ్నం పూట నేలకు అడుగు ఎత్తున చెయ్యి చాపితే దాని నీడ పడాలి, ఆ నీడ అంచులు మసకగా ఉండాలి. అలాంటి చోటు మనీప్లాంట్ చారలకు సరైనది. నీడ అంచులు కత్తితో గీసినట్టు పడితే ఎండ ఎక్కువ. అసలు నీడే పడకపోతే వెలుతురు చాలదు. నర్సరీల్లో ఈ లెక్కనే 50 శాతం, 75 శాతం గ్రీన్ షేడ్‌నెట్‌ల కింద పెంచుతారు. గోదావరి కాలువల పక్కన తూర్పు గోదావరి జిల్లా కడియం, కడియపులంక నర్సరీల్లో మామిడి, కొబ్బరి చెట్ల నీడనూ షేడ్‌నెట్‌నూ కలిపి వాడుకునే పద్ధతి ఉంది.

తెలుగు నేలలో చెట్టు చెట్టుకూ నీడ వేరు. వేప, కానుగ కింద వెలుతురు చిల్లులు చిల్లులుగా పడుతుంది, ఈ తీగకు అది బాగా నచ్చుతుంది. నిద్రగన్నేరు కిందా అంతే. గుబురు మామిడి కింద మాను దగ్గర చీకటి, కొమ్మల అంచున వెలుతురు. ఇక్కడ చారలు అంచు వైపు బాగుంటాయి. ఉత్తరపు గోడ పక్కన ఏడాదిలో ఎక్కువ భాగం నేరు ఎండ తగలదు. ఇళ్ల మధ్య ఇరుకు సందుల్లో, మెట్ల కింద, అపార్టుమెంట్ల పిట్టగోడల వెనుక కూడా గడ్డి బతకని చోట ఇది నిలబడుతుంది. పడమటి ఎండ సూటిగా తగిలే చోట మాత్రం నాటకూడదు. రెంటచింతల వంటి ఊళ్లలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే మే నెలలో ఒక్క మధ్యాహ్నపు ఎండకే ఆకు మీద తెల్లని, ఆ తర్వాత గోధుమరంగు మచ్చలు తేలతాయి. కాలిన ఆకు మళ్లీ పచ్చబడదు.

చలి విషయంలోనూ జాగ్రత్త కావాలి. ఇది 21 నుంచి 32 డిగ్రీల మధ్య హాయిగా పెరుగుతుంది. 15 దిగువన ఎదుగుదల ఆగుతుంది, 10 దిగువన ఆకులు దెబ్బతింటాయి. కోస్తాలో ఈ చింత లేదు. ఆదిలాబాద్ ప్రాంతంలో, అల్లూరి సీతారామరాజు జిల్లా లంబసింగిలో డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఆరుబయట తీగలు నల్లబడి చచ్చుబడతాయి. చెట్టు గొడుగు కింద, గోడ పక్కన ఉన్నవి కొంత తట్టుకుంటాయి.

నేల తయారీ, నాటడం

వేళ్లు పైపైనే పాకే మొక్క కనుక లోతైన దుక్కి అక్కరలేదు, చెట్టు కింద చేయకూడదు కూడా. పలుగుతో లోతుగా తవ్వితే చెట్టు పోషక వేళ్లు తెగుతాయి. పైమట్టిని మూడు నాలుగు అంగుళాల మేర గుల్ల చేసి, మాగిన పశువుల ఎరువు లేదా వర్మికంపోస్టు, ఆకు ఎరువు కలపాలి. రేగడి నేలైతే కొబ్బరి పొట్టు, కొంచెం ఇసుక కలిపితే నీరు నిలవదు. ఎర్రమట్టిలో నీరు త్వరగా ఇంకిపోతుంది కాబట్టి కొబ్బరి పొట్టు తేమ పట్టి ఉంచడానికి పనికొస్తుంది. చెట్టు మొదలు చుట్టూ కొత్త మట్టి ఎత్తుగా పోయకూడదు. అలా పోస్తే బెరడు తడిసి కుళ్లుతుంది.

నాటడానికి మంచి కాలం తొలకరి. మృగశిర కార్తెలో వేసవి వేడి తగ్గి గాలిలో తేమ పెరిగిన నాటి నుంచి ఆగస్టు చివరి దాకా పెట్టిన కొమ్మలు తక్కువ శ్రమతో నాటుకుంటాయి. మరీ ముదురుగా కానీ, మరీ లేతగా కానీ లేని తీగను రెండు మూడు కణుపుల ముక్కలుగా కోయాలి. ప్రతి కణుపు దగ్గరా ఆకుకు ఎదురుగా గోధుమరంగు బొడిపె ఒకటి కనిపిస్తుంది. అది వేరు మొలక. కణుపు లేని కాడ ఎన్నాళ్లు నీళ్లలో ఉంచినా మొక్క కాదు. కింది కణుపు అంగుళం, అంగుళంన్నర లోతున మట్టిలో ఉండేలా, ఆకు పైకి ఉండేలా పెట్టాలి. రెండు మూడు వారాల్లో వేళ్లు పడతాయి.

మొక్కకూ మొక్కకూ అడుగు దూరం చాలు. ఆ లెక్కన పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పున్న జాగాకు సుమారు వంద ముక్కలు పడతాయి. గుబురుగా ఉన్న పాత తీగలు నాలుగైదు దొరికితే అన్ని ముక్కలూ వాటి నుంచే వస్తాయి. తొందర లేనివాళ్లు అడుగున్నర దూరంలో పెట్టవచ్చు. మొదటి వానాకాలంలో తీగలు సాగుతాయి, రెండోదానికి ఖాళీలు మూసుకుంటాయి. సాగిన తీగ గాల్లో తేలకుండా కణుపుల దగ్గర వంచిన ఇనుపతీగతో నేలకు గుచ్చితే అక్కడే కొత్త వేరు దిగుతుంది. మధ్యలో కలుపు పెరగకుండా ఎండుటాకులు పరచాలి. పరుపు కట్టాక కలుపు మొలకెత్తడానికి వెలుతురే దొరకదు.

నీరు, ఎరువు, కత్తిరింపు

వేరు పట్టేదాకా మట్టి తేమగా ఉండాలి. తర్వాత పైమట్టి అంగుళం మేర ఆరాక నీళ్లు పెడితే సరిపోతుంది. ఈ మొక్కను చంపేది నీటి ఎద్దడి కన్నా నీటి ముంపే. వేసవిలో వారానికి రెండు మూడు తడులు, చలికాలంలో ఒకటి, వానాకాలంలో వాన పడని వారాల్లోనే అన్నది స్థూలమైన లెక్క. పెద్ద చెట్టు కింద నేల త్వరగా ఆరుతుంది, ఎందుకంటే చెట్టు వేళ్లు కూడా అదే తేమ తాగుతాయి. ఆకులు సొట్టలు పడి వేలాడితే దాహమని గుర్తు. కింది ఆకులు పసుపుబారి కాడ మెత్తబడితే నీరు ఎక్కువైందని గుర్తు.

ఎరువు కొద్దిగా చాలు. వానాకాలం మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి వర్మికంపోస్టు పలచగా చల్లితే ఏడాది గడుస్తుంది. యూరియా అతిగా వేస్తే కణుపుల మధ్య దూరం పెరిగి తీగ పొడుగ్గా, బోసిగా సాగుతుంది.

కత్తిరింపును మాత్రం వాయిదా వేయకూడదు. వానాకాలంలో నెలకోసారి, మిగతా కాలంలో రెండు మూడు నెలలకోసారి అంచులు కోయాలి. చివర కోసిన తీగ పక్క కణుపుల నుంచి చిగురిస్తుంది, పరుపు ఒత్తుగా అవుతుంది. ప్రతి చెట్టు మొదలు చుట్టూ రెండడుగుల ఖాళీ వలయం, గోడ పక్కన అడుగు ఖాళీ వదిలి, ఆ గీత దాటిన ప్రతి కొమ్మనూ తుంచేయాలి. ఇటుకల వరుసో, మట్టిలోకి దించిన రాతి పలకో హద్దుగా ఉంటే చూపుకు తేలిక. తీగ ఇటుకను దాటి పాకుతుంది కాబట్టి హద్దు ఉన్నా కత్తెర పని తప్పదు.

తెగుళ్లు, పురుగులు

నీరు నిలిచిన నేలలో పిథియమ్, ఫైటోఫ్థొరా వంటి సూక్ష్మజీవుల వల్ల వేరుకుళ్లు వస్తుంది. వేళ్లు నల్లబడి, పైతొక్క జారిపోయి దారంలా మిగులుతాయి. వేడి, తేమ కలిసిన రోజుల్లో నేల పైభాగంలో ఉండే స్క్లెరోషియమ్ రోల్ఫ్సీ అనే శిలీంధ్రం కాండాన్ని మట్టి మట్టం దగ్గర కుళ్లబెడుతుంది. తెల్లని దారాలు, ఆవగింజల వంటి గోధుమరంగు గుళ్లు దాని ఆనవాళ్లు. వేరుశనగ రైతులకు ఇది పాత శత్రువు. సోకిన మొక్కలను కింది మట్టితో సహా తీసేసి, ఆ చోట నీరు తగ్గించి, గాలి ఆడేలా పరుపును పలచబరచడమే మొదటి చికిత్స.

పురుగుల్లో ముఖ్యమైనది పిండినల్లి. కణుపుల సందుల్లో దూదిలా కనిపిస్తుంది. తక్కువగా ఉంటే తడిగుడ్డతో తుడవాలి. ఎక్కువైతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగు భాగం తడిసేలా పిచికారీ చేయాలి. వానాకాలంలో నత్తలు లేతాకులను కొరుకుతాయి. వాటిని చీకటి పడ్డాక ఏరివేయడం మేలు.

ఒత్తైన ఏ పరుపైనా తేళ్లకు, ఎలుకలకు, ఎలుకల కోసం వచ్చే పాములకు చాటు ఇస్తుంది. పల్లెల్లో, ఊరి చివరి ఇళ్లలో మనుషులు నడిచే దారికి, గుమ్మానికి ఆనుకుని ఈ తీగను పరచకూడదు. పరుపు ఎత్తు చీలమండ దాటకుండా కోసి ఉంచితే కింద ఏముందో కనిపిస్తుంది.

కొమ్మలను నీళ్లలో వేరు పట్టించేవారికి మరో జాగ్రత్త. సీసాలో నిలవ ఉన్న నీరు డెంగీ వ్యాపింపజేసే ఏడిస్ దోమకు గుడ్లు పెట్టే చోటు. గుడ్డు నుంచి దోమ కావడానికి దానికి వారం పది రోజులు చాలు. కాబట్టి వారానికి ఒకసారి నీళ్లు పారబోసి, సీసా లోపలి గోడ రుద్ది కడగాలి. ఆరోగ్య సిబ్బంది శుక్రవారాన్ని డ్రైడేగా పాటించమని చెప్పేటప్పుడు పూలకుండీల పళ్లేలతో పాటు ఈ సీసాలను కూడా గుర్తుచేయడం అందుకే.

దురద, విషం

కంద తరిగితే చేతులు దురద పెట్టడానికి కారణమైన పదార్థమే మనీప్లాంట్‌లోనూ ఉంది. అది కాల్షియం ఆక్సలేట్. సూదుల్లాంటి ఆ స్ఫటికాలు నోటి పొరల్లో గుచ్చుకుని మంట, వాపు, చొంగ కారడం, మింగలేకపోవడం వంటివి కలిగిస్తాయి. కందనూ చేమనూ చింతపండుతో ఉడికించి తింటాం. మనీప్లాంట్ మాత్రం తినే మొక్కే కాదు. పిల్లలకు, కుక్కలకు, పిల్లులకు, మేకలకు అందకుండా చూడాలి. ఎవరైనా నమిలితే నోరు కడిగించి, చల్లని నీళ్లో పాలో పట్టించి, గొంతు వాపు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఎక్కువ కొమ్మలు కోసే రోజున చేతి తొడుగులు వేసుకోవాలి. రసం తగిలిన చేత్తో కళ్లు నలుపుకోకూడదు.

గాలిని శుభ్రం చేస్తుందా

అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన వోల్వర్టన్ బృందం 1989లో వెలువరించిన నివేదికలో మనీప్లాంట్ కూడా ఉంది. మూసిన చిన్న గదుల్లో ఉంచిన మొక్కలు బెంజీన్, ఫార్మాల్డిహైడ్ వంటి ఆవిర్లను తగ్గించినట్టు అందులో చూపారు. గాలిని శుభ్రం చేసే మొక్క అన్న ప్రచారానికి మూలం ఇదే. 2019లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అలాంటి ప్రయోగాల ఫలితాలన్నీ కలిపి లెక్కగట్టారు. తలుపులు, కిటికీల గుండా మామూలుగా మారే గాలితో సమానంగా శుద్ధి జరగాలంటే చదరపు మీటరుకు పది నుంచి వెయ్యి మొక్కలు కావాలని తేలింది. మధ్యలో 2018లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వారు కుందేలు జన్యువు ఒకటి చొప్పించి, క్లోరోఫారమ్‌నూ బెంజీన్‌నూ విడగొట్టగల మనీప్లాంట్‌ను తయారుచేశారు. అది ప్రయోగశాల మొక్క. ఆరుబయట పరిచిన తీగ వల్ల కలిగే మేలు వేరు: వాన చినుకుల తాకిడికి మట్టి కొట్టుకుపోదు, నేల చల్లగా ఉంటుంది, తేమ నిలుస్తుంది.

తోట దాటితే

శ్రీలంకలోని క్యాండీ నగరం నడుమ ఉడవట్టకెలె అనే అభయారణ్యం ఉంది. విస్తీర్ణం సుమారు 104 హెక్టార్లు. అందులో అనేక హెక్టార్ల మేర నేలనూ మానులనూ మనీప్లాంట్ కప్పేసింది. అడవి మొక్కల విత్తనాలు నేల మీద పడినా ఆ పరుపు కింద వెలుతురు అందక మొలకలు బతకవు. పాత చెట్లు పోతే వాటి స్థానంలో కొత్తవి రావు. ఈ తీగను తిని అదుపు చేసే ప్రాణులు అక్కడ లేవు. హవాయి దీవుల్లో, ఫ్లోరిడాలో కూడా ఇది ఆక్రమణ మొక్కల జాబితాకెక్కింది.

ఇంత విస్తరణకూ విత్తనం ఒక్కటి కూడా తోడ్పడలేదు. అంతా తెగిపడిన ముక్కలదే. కాబట్టి కత్తిరింపు చెత్తను ఏం చేస్తారన్నది ఈ మొక్క పెంపకంలో నీళ్లు పెట్టడమంత ముఖ్యమైన విషయం. కోసిన తీగలను వాగులో, కాలువలో, పక్క ఖాళీ స్థలంలో, ఊరి చివరి పోరంబోకులో పారేయకూడదు. పచ్చిగా కంపోస్టు గుంతలో వేసినా పైపొరలో ఉన్నవి చిగురిస్తాయి. డాబా మీదో, సిమెంటు గచ్చు మీదో పలచగా పరిచి, పెళపెళ విరిగేదాకా ఎండబెట్టి ఆ తర్వాత కంపోస్టులో కలపాలి. చెట్టెక్కిన పాత తీగను తీయాలంటే మొదలు దగ్గర కోసి వదిలేస్తే చాలదు. గాలివేర్లు బెరడులోని తేమతో దాన్ని చాలాకాలం బతికిస్తాయి. మానుకు అతుక్కున్న తీగనూ లాగి, నేలలోని కణుపులనూ ఏరాలి. తర్వాత కొన్ని నెలలపాటు కొత్త చిగుళ్లను గమనిస్తూ ఉండాలి.

నల్లమల, పాపికొండలు, తూర్పు కనుమల అంచున ఉన్న ఊళ్లలో, అతిథి గృహాల్లో, వాగు ఒడ్డు తోటల్లో దీన్ని నేల మీద నాటకపోవడమే సరైనది. కుండీలో ఉంచుకుంటే అందం దక్కుతుంది, అడవికి ముప్పు ఉండదు.

ఇదే పనికి వేరే మొక్కలు

నీడలో రంగు కోరేవారికి ట్రాడెస్కాంటియా జీబ్రినా ఉంది. వెండి చారలు, ఊదారంగు అడుగు భాగంతో ఇది తక్కువ ఎత్తులో పాకుతుంది. మెక్సికో, మధ్య అమెరికా దాని స్వస్థలం. తెగిన ముక్కల నుంచి వ్యాపించడంలో మనీప్లాంట్‌కు తీసిపోదు గనుక దానికీ అవే జాగ్రత్తలు వర్తిస్తాయి. సింగోనియం బాణపు ములుకు వంటి ఆకులతో వస్తుంది, అదీ చెట్టు ఎక్కే రకమే. రోడ్ల మధ్య డివైడర్ల మీద పసుపు పూలతో పరచుకునే వెడీలియా ఎండలో బాగా పూస్తుంది, నీడకు సరిపడదు. ప్రపంచంలో అత్యంత హానికరమైన వంద ఆక్రమణ జీవుల జాబితాలో అది ఒకటి.

చలి దేశాల్లో స్థిరపడిన తెలుగువారికి మనీప్లాంట్ గది దాటి రాని మొక్క. అక్కడి తోటల్లో నీడకు వేసే చారల తీగలు రెండు ప్రసిద్ధం: వేరిగేటెడ్ వింకా మేజర్, ఇంగ్లిష్ ఐవీ. మన బిళ్ళగన్నేరును ఒకప్పుడు వింకా ప్రజాతిలోనే చేర్చారు. నీలిపూల వింకా దానికి ఆ విధంగా చుట్టం. ఐరోపా, మధ్యధరా ప్రాంతాల్లో సహజంగా పెరిగే ఈ తీగలు అమెరికా పశ్చిమ తీరంలో అడవి నేలలను ఆక్రమించాయి. ఒరెగాన్ రాష్ట్రం ఇంగ్లిష్ ఐవీ అమ్మకాన్ని నిషేధించింది. అక్కడ కొనేముందు రాష్ట్ర జాబితా చూసుకోవాలి.

మన నేలలోనే పుట్టిన నీడ తీగలూ ఉన్నాయి, వాటికి చారలు లేకపోయినా. తడి ఉండే చోట సరస్వతి ఆకు గుండ్రని చిన్న ఆకులతో చక్కగా పరచుకుంటుంది. పిప్పలి తీగ మెరిసే హృదయాకారపు ఆకులతో, చూడటానికి మనీప్లాంట్‌ను పోలి, చెట్ల నీడలో నేల మీద పాకుతుంది. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి ప్రాంతంలో గిరిజన రైతులు దీన్ని వేళ్ల కోసం సాగు చేస్తారు. ఆ వేళ్లు పిప్పలిమోడి పేరుతో మందుల అంగళ్లకు చేరతాయి. అడవి అంచు ఊళ్లలో నీడ జాగాను పచ్చగా ఉంచాలనుకునేవారికి ఈ తీగ నేలనూ కప్పుతుంది, రెండు మూడేళ్లకు పంటనూ ఇస్తుంది.